తుపాను తీరంలో ఆటల భవనం: విశ్వవిద్యాలయ క్రీడాకేంద్రాన్ని ప్లాను చేసుకునే విధానం

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో కళాశాలలోనో విశ్వవిద్యాలయంలోనో పనిచేసే తెలుగువారికి నిర్మాణ సంఘంలో కూర్చోవలసిన వంతు ఎప్పుడో ఒకసారి వస్తుంది. డ్రాయింగులు ఇంగ్లీషులో వస్తాయి, మినిట్స్ ఒడియాలో రాస్తారు, అసలు వాదన మాత్రం సమావేశం ముగిశాక టీ కొట్టు దగ్గర తెలుగులో జరుగుతుంది. నేను ఇటువంటి సంఘాల్లో రెండుసార్లు కూర్చున్నాను. మొదటిసారి ఏమీ తెలియక తలూపినందుకు పడిన అవస్థ రెండోసారి పనికొచ్చింది. ఆర్కిటెక్టు చేయవలసిన పని మనం చేయలేం, చేయకూడదు కూడా. అయితే ఆయనను ఏ ప్రశ్న ఏ దశలో అడగాలో మనకు తెలిసి ఉండాలి, ఎందుకంటే పునాది పడిన తరువాత అడిగిన ప్రశ్నకు జవాబు ఉన్నా దానివల్ల ప్రయోజనం ఉండదు.

మొదటి సమావేశంలో సాధారణంగా బల్ల మీదికి వచ్చేది ఒక రంగుల బొమ్మ. వంపు తిరిగిన కప్పు, ముందు భాగమంతా అద్దం, మెట్ల మీద నవ్వుతూ నిలబడిన మనుషులు ఉంటారు. ఆ బొమ్మను మర్యాదగా పక్కన పెట్టించి, వ్యాయామ విద్యా విభాగం నుంచి రెండు కాగితాలు తెప్పించండి. ఒకటి, ప్రాంగణంలో ఏ ఆట ఎందరు ఆడుతున్నారో తెలిపే జాబితా. రెండోది, సాయంత్రం 5 నుంచి 8 గంటల మధ్య ఒకేసారి ఎందరు మైదానంలో ఉంటారో చెప్పే లెక్క. అమ్మాయిల సంఖ్యను వేరుగా రాయించండి. ఆ సంఖ్య తక్కువగా ఉంటే వారికి ఆటల మీద ఆసక్తి లేదని తేల్చేయకండి. దుస్తులు మార్చుకునే గది ఉందా అని ముందు అడగండి.

ఈ ప్రాంతపు జాబితాలో నా దృష్టిలో మొదట ఉండవలసింది వెయిట్‌లిఫ్టింగ్. ఉత్తరాంధ్ర నుంచి బరంపురం దాకా తాలింఖానాల (వ్యాయామశాలల) అలవాటు పాతది. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి పేరు ఇక్కడ ముసలివాళ్లకు ఇప్పటికీ నోట్లో ఉంది. బరంపురం కుర్రవాడు కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచాడు. అయినా డ్రాయింగుల్లో బరువులెత్తే గది సాధారణంగా మెట్ల కింద మిగిలిన మూలలోనో, మొదటి అంతస్తులోనో కనిపిస్తుంది. మొదటి అంతస్తు అసలే కుదరదు. తల మీది నుంచి వదిలేసిన బార్ స్లాబును పగలగొట్టకపోయినా, కింది గదిలో పాఠం వినేవారికి మనశ్శాంతి ఉండదు. పోటీ వేదిక కొలత 4 మీటర్లు × 4 మీటర్లు. కనీసం నాలుగు వేదికలు, వాటి చుట్టూ మనిషి తిరిగే చోటు, నేల మీద గట్టి కాంక్రీటు, దానిపై చెక్క, రబ్బరు, విడిగా ఒక గోడ ఉండాలి. పురుషుల బార్ 20 కిలోలు, మహిళలది 15 కిలోలు. ఎస్టిమేటులో రెండూ ఉన్నాయో లేదో చూడండి, ఎందుకంటే రెండోదాన్ని మరిచిపోవడం మామూలు.

హాలు కొలతలు

ఇండోర్ హాలు వైశాల్యాన్ని చదరపు అడుగుల్లో ఆలోచించడం మానేసి, కోర్టుల్లో ఆలోచించండి. బాస్కెట్‌బాల్ కోర్టు 28 × 15 మీటర్లు, చుట్టూ 2 మీటర్ల ఖాళీ. వాలీబాల్ 18 × 9, చుట్టూ కనీసం 3 మీటర్లు. బ్యాడ్మింటన్ 13.40 × 6.10. పురుషుల కబడ్డీ 13 × 10, మహిళలది 12 × 8. హ్యాండ్‌బాల్ 40 × 20, గోల్ వెనక 2 మీటర్లు, పక్కల 1 మీటరు.

వీటన్నిటినీ ఒకే నేల మీద పరచి చూస్తే 44 × 24 మీటర్ల ఆటస్థలం చాలా పనులు చేస్తుంది. నిలువునా ఒక హ్యాండ్‌బాల్ కోర్టు పడుతుంది, బాస్కెట్‌బాల్ హాయిగా పడుతుంది. అడ్డంగా రెండు వాలీబాల్ కోర్టులు వేసుకోవచ్చు. కోర్టు పొడవు 18 మీటర్లకు అటూ ఇటూ 3 మీటర్లు కలిపితే హాలు వెడల్పు సరిగ్గా 24. బ్యాడ్మింటన్ కోర్టులను అడ్డంగా వేసి, మధ్య 2 మీటర్లు, చివర్ల 2 మీటర్లు వదిలితే ఐదు కోర్టులకు 42.5 మీటర్లు అవుతుంది. 44కు బదులు 40 మీటర్లకు తగ్గించమని ఆర్థిక విభాగం అడిగితే, ఆ 4 మీటర్లతో ఒక బ్యాడ్మింటన్ కోర్టూ, హ్యాండ్‌బాల్ మొత్తమూ పోతాయని కాగితం మీద గీసి చూపించండి. మాటలతో చెబితే వినరు, గీస్తే వింటారు.

ఎత్తు దగ్గర మాత్రం నేను రాజీకి సిద్ధం. అంతర్జాతీయ స్థాయి బ్యాడ్మింటన్‌కు కోర్టు పైన 12 మీటర్ల అడ్డంకి లేని ఎత్తు కోరతారు. బాస్కెట్‌బాల్, వాలీబాల్‌లకు 7 మీటర్లు సరిపోతుంది. అంతర్ విశ్వవిద్యాలయ స్థాయి సాధనకు, దూలం అడుగు నుంచి కొలిచి 9 మీటర్లు ఉంచుకుంటే చాలునని నా అభిప్రాయం. కారణం డబ్బు ఒక్కటే కాదు. ఈ తీరంలో ప్రతి అదనపు మీటరు గోడా గాలికి తెరచాపే.

గాలి, ఉప్పు, వాన

బరంపురం విశ్వవిద్యాలయం 1967లో మొదలైంది. ఒడియా కవి ఉపేంద్ర భంజుడి పేరు పెట్టుకున్న భంజవిహార్ ప్రాంగణం నుంచి గోపాలపురం సముద్రం దగ్గరే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాలపురం దగ్గరే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల్లో వరదలు, కొండచరియలు తెచ్చిపెట్టింది. కాబట్టి ఇక్కడ క్రీడాకేంద్రపు ప్లానులో మొదటి అతిథి అక్టోబరు గాలి.

భారతీయ ప్రమాణాల్లో గాలి బరువుకు సంబంధించినది ఐఎస్ 875 మూడో భాగం. ఆ పటంలో ఒడిశా తీరానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, మన భాషలో దాదాపు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. భవనం ఆకారం, ఎత్తు, చుట్టుపక్కల నేలను బట్టి ఇది మారుతుంది గానీ, ఊహకు ఈ అంకె చాలు. కప్పు మీది రేకు బరువు చదరపు మీటరుకు 5 కిలోలకు అటూ ఇటూ. రేకును కిందికి లాగే బరువుకూ, పైకి లేపే గాలికీ మధ్య ఎంత తేడా ఉందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ తేడా మొత్తాన్నీ మోసేవి స్క్రూలు, పర్లిన్లు (రేకులను మోసే అడ్డ ఉక్కు కమ్మీలు), పునాది బోల్టులు. రంగుల బొమ్మలో వీటిలో ఒక్కటీ కనిపించదు.

తుపాను వేళ హాలును పునరావాస కేంద్రంగా కూడా వాడుకుంటామని జిల్లా యంత్రాంగానికి మాట ఇవ్వడం మంచిదే, అయితే ఆ మాట డిజైనుకు ముందే ఇవ్వాలి. తూర్పు తీరానికి 60 కిలోమీటర్ల లోపు, తుపాను తరువాత కూడా పనిచేయవలసిన కట్టడాలకు గాలి వేగాన్ని 1.30తో గుణించమని ఆ ప్రమాణమే చెబుతుంది. ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక అది 1.69 రెట్లు అవుతుంది. భవనం కట్టేశాక ‘పునరావాస కేంద్రం’ అని తగిలించే బోర్డు ఈ లెక్కను మార్చలేదు.

స్ట్రక్చరల్ ఇంజినీరును అడగవలసినవి ఇవి. గాలి పీల్పు ఎక్కువగా ఉండే కప్పు అంచుల్లో, మూలల్లో, కొన దగ్గర స్క్రూల మధ్య దూరం తగ్గించారా? చూరు బయటికి ఎంత పొడుచుకొచ్చింది? పెద్ద తలుపు ఏ రకం? ఈ చివరి ప్రశ్నను చిన్నదిగా చూడకండి. నేను చూసిన ఒక హాలులో ముందుగా పోయింది కప్పు కాదు, తూర్పు వైపు రోలింగ్ షట్టర్. అది లోపలికి వంగిపోయిన తరువాత గాలి లోపల నిండి, బయటి పీల్పుకు తోడై, రేకులను ఒక పక్క నుంచి వరుసగా విప్పుకుంటూ పోయింది. పగటి వెలుగు కోసం మధ్య మధ్య వేసిన పాలీకార్బనేట్ పలకల జాడ ఆ తరువాత ఎవరికీ దొరకలేదు. షట్టర్ బదులు గట్టి చట్రంలో బిగించి, బయటికి తెరుచుకునే ఉక్కు తలుపులు పెట్టమని నేను పట్టుబట్టేది అందుకే. ముందు వైపు అద్దపు గోడ గురించి వేరే చెప్పనవసరం లేదు. ఎగిరొచ్చే కొబ్బరి మట్ట చాలు దానికి.

ఉప్పు గాలి నెమ్మదిగా పనిచేస్తుంది గనుక దాన్ని ఎవరూ లెక్కచేయరు. కాంక్రీటుకు సంబంధించిన ప్రమాణం ఐఎస్ 456 తీరప్రాంతపు వాతావరణాన్ని తీవ్రమైన వర్గంలో పెట్టి, కనీసం ఎం30 బలపు కాంక్రీటు, ఇనుప చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కవరు (చువ్వను కప్పే కాంక్రీటు మందం) కోరుతుంది. కవరు బ్లాకులు వేసిన రోజున మీరే స్కేలు పట్టుకుని వెళ్లండి. రేకుల స్క్రూలను నాసిరకంవి వాడితే రెండు వానాకాలాలకు ప్రతి స్క్రూ చుట్టూ ఎర్రటి వలయం కనబడుతుంది.

కోరాపుట్ వైపు సంగతి వేరు. 2009లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్న ఆ ఎత్తు ప్రాంతంలో ఉప్పు లేదు, వాన, పొగమంచు ఎక్కువ. అక్కడ గట్టర్లు పెద్దవిగా, భవనం బయటే ఉండాలి. రెండు కప్పుల మధ్య లోయలా వచ్చే గట్టరు ఉన్న డ్రాయింగును తిప్పి పంపండి. గజపతి, రాయగడ కొండవాలుల్లో స్థలం చదును చేసి కట్టేటప్పుడు, భవనం కంటే ముందు వాలుపై వైపున నీటిని మళ్లించే కాలువ కట్టాలి.

నేల

క్రీడాకారుడి మోకాలికి తెలిసేది నేల ఒక్కటే. నేరుగా కాంక్రీటు మీద రంగు వేసి కోర్టు అనడం ఇంకా జరుగుతోంది. బంతి బాగానే లేస్తుంది, మడమలు మాత్రం రెండేళ్లలో చెబుతాయి. మంచి నేలలో అడుగున రబ్బరు ప్యాడ్లు, వాటిపై చట్రం, దానిపై ప్లైవుడ్, అన్నిటికంటే పైన మేపుల్ చెక్క ఉంటాయి. బ్యాడ్మింటన్ ఆడేటప్పుడు దానిపై సింథటిక్ మ్యాట్ పరుస్తారు.

చెక్కకు మన తేమ పడదు. కాంట్రాక్టరు చెక్క తెచ్చాక చూడటం కాదు, స్లాబు ఆరిందో లేదో ముందే చూడాలి. దీనికి యంత్రం అక్కర్లేదు. అడుగున్నర చదరపు పారదర్శక పాలిథిన్ ముక్కను స్లాబు మీద పరచి, నాలుగు అంచులనూ గాలి దూరకుండా టేపుతో అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. మర్నాడు దాని కింద నీటి బొట్లు కనిపించినా, కాంక్రీటు రంగు ముదిరినా చెక్క వేయడానికి వీల్లేదు. హాలులో నాలుగైదు చోట్ల ఇలా చేయించి ఫొటోలు దస్త్రంలో పెట్టండి. స్లాబు కింద తేమ నిరోధక పొర, గోడల పక్కన చెక్క ఉబ్బడానికి దాదాపు 2 అంగుళాల సందు, ఆ సందుకు గాలి ఆడే స్కర్టింగ్ ఉన్నాయో లేదో కూడా చూడండి. సందు వదలకపోతే శ్రావణ భాద్రపదాల్లో నేల మధ్యలో గుట్టలా లేస్తుంది.

ఇక మన ప్రాంగణాల్లో హాలు ఆటలకే ఉండదన్నది నిజం. స్నాతకోత్సవం అందులోనే, పరీక్షలు అందులోనే, ఎన్నికలొస్తే ఓట్ల లెక్కింపూ అందులోనే. ఒకసారి స్నాతకోత్సవం మర్నాడు పొద్దున్నే హాలుకు వెళ్లాను. అద్దెకు తెచ్చిన ఇనుప కుర్చీల్లో సగానికి కాలి చివరి రబ్బరు బూట్లు ఊడిపోయి ఉన్నాయి. ఎవరు లేచినా కుర్చీని వెనక్కి నెట్టారు గనుక, వరుసలు వరుసలుగా నేలంతా నెలవంకల్లాంటి గీతలు. వేలితో తడిమితే పాలిష్ పొర దాటి చెక్కలోకి దిగినట్టు తెలిసింది. అప్పటి నుంచి నా మాట ఒకటే: నేల మీద పరిచే రక్షణ పలకల ఖర్చు, వాటిని దాచే స్టోరు గది, రెండూ మొదటి ఎస్టిమేటులోనే ఉండాలి. స్టోరు గదులు మొత్తం హాలులో ఎంత ఉన్నా చాలవనుకోండి. వాటి తలుపు వెడల్పు వాలీబాల్ స్తంభాల బండి పట్టేంత ఉండాలి.

వెలుతురు, గాలి ప్రసరణ

బ్యాడ్మింటన్ ఆడేవారు రోజంతా పైకే చూస్తారు. కోర్టుకు సరిగ్గా పైన దీపం పెడితే షటిల్ ఆ వెలుగులో మాయమవుతుంది. దీపాల వరుసలు కోర్టుల మధ్య ఖాళీల మీదుగా, పొడవునా సాగాలి. కోర్టు చివర ఉన్న వెనక గోడల్లో కిటికీలు వద్దు, ముదురు ఆకుపచ్చో నీలమో రంగు వేయించండి. సాధనకు 300 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం), స్థానిక పోటీలకు 500, అంతకు పై స్థాయికి 750 పెట్టుకుని, మూడింటికీ వేరు వేరు స్విచ్చులు అడగండి. రోజూ 750 వెలిగిస్తే బిల్లు చూసి ఆరో నెలలో ఎవరో సగం దీపాలు తీయించేస్తారు.

గాలి సంగతి చిక్కుముడి. తెరిస్తే షటిల్ పక్కకు పోతుంది, మూస్తే మే నెల ఉక్కపోతలో పిల్లలు కళ్లు తిరిగి పడతారు. కింది భాగంలో గాలి నేరుగా కోర్టు మీదికి రాకుండా మళ్లించే లూవర్లు (వాలు పలకల కిటికీలు), పైన వేడి గాలిని లాగే ఎగ్జాస్టులు పెట్టడం నాకు తెలిసిన మధ్యేమార్గం. పని పూర్తయ్యాక పరీక్షించడానికి ఒక అగరుబత్తి చాలు. అన్నీ నడుస్తుండగా దాన్ని కోర్టు మధ్యలో ఛాతీ ఎత్తున పట్టుకుని నిలబడండి. పొగ నిటారుగా లేచి పైన విడిపోవాలి. మీ చేతి దగ్గరే పక్కకు వాలితే లూవర్ల కోణం సరిచేయించాలి.

రేకుల కప్పుతో ఇంకో తంటా ఉంది. డిసెంబరు తెల్లవారుజామున, వాన చినుకు లేకుండానే, కప్పు నుంచి నీళ్లు కారుతాయి. రాత్రి రేకు చల్లబడి, లోపలి తేమ గాలి దానికి తగిలి బొట్లు కడుతుంది. ఒక పొద్దున ఒక అమ్మాయి ప్రతి పాయింటుకూ ఆగి, సర్వీసు గీత పక్కన అదే చోట తువ్వాలుతో తుడుచుకుంటూ ఆడటం చూశాను. రేకు కింద ఇన్సులేషన్, దానికి లోపలి వైపు తేమను ఆపే పొర వేస్తే ఈ బాధ పోతుంది, వాన చప్పుడూ తగ్గుతుంది. ఖర్చు తగ్గించే సమావేశంలో మొదట కొట్టేసేది దీన్నే, కాబట్టి ఆ రోజు సెలవు పెట్టకండి.

ఆట కాని గదులు

దుస్తులు మార్చుకునే గది నుంచి కోర్టుకు ప్రేక్షకుల మధ్య నుంచి నడిచే అవసరం ఉండకూడదు. మహిళల గది పురుషుల గదికి సమానంగా ఉండాలి. తలుపు తీసినా లోపల కనబడకుండా అడ్డుగోడ, తడి భాగం వేరు, పొడి భాగం వేరు, బట్టలు తగిలించే కొక్కేలు, మూత ఉన్న చెత్తబుట్ట, లోపలి గడియ — ఇవన్నీ డ్రాయింగులో పేరుపేరునా ఉండాలి. అక్కడి నుంచి హాస్టలు దాకా దారిలో దీపాలు కూడా క్రీడాకేంద్రపు ఖర్చులోకే రావాలి.

వరద భయంతో అరుగు ఎత్తు పెంచితే ర్యాంపు పొడవు గుర్తుంచుకోండి. 12 పాళ్ల నడకకు 1 పాలు ఎత్తు చొప్పున, 90 సెంటీమీటర్ల అరుగుకు 10.8 మీటర్ల ర్యాంపు, మధ్యలో ఆగే చదును కావాలి. 30 సెంటీమీటర్లకైతే 3.6 మీటర్లే. చక్రాల కుర్చీలో వచ్చేవారికి వెనక దారి చూపించే భవనాలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

గ్యాలరీకి 300 సీట్లు చాలు. ఒక్కొక్కరికి 45 సెంటీమీటర్ల వెడల్పు, వరుసకు 80 సెంటీమీటర్ల లోతు చొప్పున 50 మందివి ఆరు వరుసలు వేస్తే, నడవాలు కాక 22.5 మీటర్ల పొడవు, 4.8 మీటర్ల లోతు అవుతుంది. 44 మీటర్ల పక్కన అది సులువుగా ఇముడుతుంది. ఎదురెదురు దిక్కుల్లో కనీసం రెండు దారులు, బయటికి తెరుచుకునే తలుపులతో ఉండాలి. ప్రథమ చికిత్స గది అంబులెన్సు వచ్చే వైపున ఉండాలి, స్ట్రెచర్ మలుపు తిరగగలగాలి.

బయటి మైదానం

మైదానాల పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి, లేకపోతే ఉదయం ఒక జట్టుకూ, సాయంత్రం ఇంకో జట్టుకూ సూర్యుడు కళ్లలో పడతాడు. 400 మీటర్ల ట్రాక్‌కు 84.39 మీటర్ల సరళ భాగాలు రెండు, 36.50 మీటర్ల వ్యాసార్ధం, 1.22 మీటర్ల లేన్లు ఎనిమిది. అంతా కలిపి 177 × 93 మీటర్లు, చుట్టూ ఖాళీ అదనం. డబ్బు చాలకపోతే ముందు కాలువలు, మొరం పునాది సరిగ్గా వేసి మట్టి ట్రాక్‌తో మొదలుపెట్టండి, సింథటిక్ పొర తరువాత వేసుకోవచ్చు. ఆ క్రమం తిరగబడితే మాత్రం ఖరీదైన పొర నీటి మీద తేలుతుంది.

ఈతకొలను గురించి క్లుప్తంగా చెబుతాను. 25 × 12.5 మీటర్ల కొలను సగటున 1.5 మీటర్ల లోతుతో దాదాపు 4.7 లక్షల లీటర్లు పడుతుంది. వేసవిలో హాస్టలుకు ట్యాంకర్లు తెప్పించుకునే ప్రాంగణం రెండో దశ దాకా ఆగడమే మేలు.

అప్పగింత

కాంట్రాక్టరుకు చివరి చెల్లింపులో కొంత భాగం ఒక వానాకాలమూ ఒక అక్టోబరూ దాటే వరకు నిలిపి ఉంచే నిబంధనను టెండరులోనే రాయించండి. లక్స్ మీటరుతో కోర్టు మీద గడులు గడులుగా కొలిచి సంతకాలు తీసుకోండి. తొలి పెద్ద వాన పడిన రోజున, వాన ఆగకముందే, ఒక సుద్దముక్క పట్టుకుని హాలుకు వెళ్లండి. నేల మీద చుక్క పడిన చోటల్లా గుండ్రంగా గీసి, పక్కన తేదీ, సమయం రాసి, ఆ గుండ్రం నుంచి నిటారుగా పైకి కనబడే రేకు వరుసతో సహా ఫొటో తీయండి. మర్నాటికి నేల ఆరిపోతుంది, కారలేదని వాదిస్తారు. సుద్ద గీతలు మాత్రం అలాగే ఉంటాయి.